అప్‌డేట్: పర్లాకిమిడి పెరటి నత్తలు, పెద్దవి ముందా చిన్నవి ముందా?

మా పెరట్లో బొప్పాయి మొక్కల్ని నమిలేస్తున్న ఆఫ్రికా నత్తల్లో పెద్దవి ఏరితే చాలా, పిల్లల్నీ ఏరాలా అని వానల్లో అడిగాను కదా. "ముందు పెద్దవే" అన్నవాళ్లకే నా ఓటు. ఒళ్లు పెద్దదైన కొద్దీ గుడ్లూ ఎక్కువే. ఒక్క విడతలో వంద దాటి పెట్టేస్తాయి. పైగా ప్రతి నత్తలోనూ ఆడ, మగ రెండూ ఉంటాయి. జతకట్టాక వీర్యాన్ని నెలల తరబడి దాచుకుంటాయి కూడా, ఇదెక్కడి గోలండీ!

కుండీ కింద తడిమట్టిలో గుడ్లు దొరికాయి. సగ్గుబియ్యంలా గుండ్రంగా, పసుపు ఛాయ తెలుపు. ఉప్పునీళ్ల బకెట్లో పారేశాం.

అలాగని పిల్లల్ని వదలకండి. ఆరు నెలలకే గుడ్లకొస్తాయి, గుల్ల ఆ తర్వాత కూడా పెరుగుతూనే ఉంటుంది. కిక్కిరిసిన చోట ఎదుగుదల మందగిస్తుంది కనుక పెద్దవి పోతే వీటికి చోటూ తిండీ మిగులుతాయి. మా అత్తయ్య వేయించిన సున్నం గోడను గీకుతున్నవి ఎక్కువగా ఈ పిల్లలే, గుల్లకి కాల్షియం కావాలిగా. అందుకే సాయంత్రం అక్కడ గోనెసంచి తడిపి పరుస్తున్నాం, పొద్దున్నే చేతికి కవరు తొడుక్కుని దాని కిందవన్నీ ఏరేస్తున్నాం.