సమస్య: వెలుగు వెలుగుఁ గలియ వెలుగు పోయె

నాగావళి (నిర్వహణ): ఈ వారం పాదం భౌతికశాస్త్రం వాళ్ల ఇంటిది. పూరించండి.

వంశధార:
చీలికలవి రెండు చెంతచెంతను నిల్వ
తరగ పైన తరగ తాఁకి పడగ
అర్ధతరగ దూర మంతరంబుండగా
వెలుగు వెలుగుఁ గలియ వెలుగు పోయె

650 నానోమీటర్ల ఎర్ర లేజరు, చీలికల ఎడం 0.25 మి.మీ., గోడ 2 మీటర్ల దూరం: గోడ మీద పడే వెలుగు చారకీ చారకీ మధ్య 5.2 మి.మీ. వస్తుంది. ఎడం 1 మి.మీ. చేస్తే 1.3కి పడిపోయి చారలు దగ్గరపడతాయి.

తోటపాలెం మాస్టారు: లెక్క సరే. "అర్ధతరగ" వైరి సమాసం, సంస్కృతపు మాటకి తెలుగు మాట అతికింది. "సగము తరగ యెడము సరిగాను పడినచో" అంటే తెలుగూ నిలుస్తుంది, యతీ నిలుస్తుంది.

బొబ్బిలి తంత్రి:
ఇంటి దీపమొకటి వీధి దీపమొకటి
జంట గూడి వెలిగె సందులోన
కలియఁ గలియ నలుపు కనిపించె నడుమను
వెలుగు వెలుగుఁ గలియ వెలుగు పోయె

తోటపాలెం మాస్టారు: మొదటి పాదంలో "ఇం"కి "వీ" యతి ఎలా కుదిరింది తంత్రిగారూ? అంతకన్నా పెద్ద తప్పు, రెండు దీపాలతో నలుపు రాదు. థామస్ యంగ్ అనే శాస్త్రవేత్త 1803లో చూపించినది ఒకే సూర్యకిరణం. సన్నని అట్టముక్కతో దాన్ని చీల్చాడు. ఒక పక్క వెలుగుని ఆపగానే నీడలోని చారలు పోయాయి.

బొబ్బిలి తంత్రి: వీణ మీద రెండు తీగలు వేరే కదా మాస్టారూ? ఒకటి సెకనుకి 256 కంపనాలు, ఒకటి 258 పలికితే సెకనుకి రెండుసార్లు నాదం లేచి పడుతుంది. తీగలకి చెల్లినది దీపాలకి చెల్లదా?

తోటపాలెం మాస్టారు: మంచి ప్రశ్న. మీటిన తీగ కొన్ని సెకన్లు ఒకే వరసన కదులుతుంది. దీపంలో ఏ అణువుకా అణువు విడిగా వెలుగు చిమ్ముతుంది. రెండు దీపాల తరగల పొంతన సెకనులో కోట్లసార్లు మారిపోతే కంటికి దక్కేది సగటే.

అరసవల్లి:
సబ్బునీటి పొరయె సన్నగిల్లుచు పైన
పగులు ముందె నలుపు పట్టె చూడు
ముందు తట్టి తిరిగి మొన మారిపోవగా
వెలుగు వెలుగుఁ గలియ వెలుగు పోయె

వంశధార: "మొన మారిపోవగా" దగ్గర ఆగిపోయాను. ముందు తలం మీద తిరిగిన తరగే తలకిందులవుతుంది, వెనక తలం మీదది కాదు. పొర 30 నానోమీటర్ల లోపుకి వస్తే దారి తేడా లేనట్టే, రెండూ కొట్టుకుపోతాయి. ఇంత పని ఒక్క మాట చేసింది. పోయినసారి "నీడ నడుమ వెలుగు నిలిచి యుండె" పూరణలో మాస్టారు గుండ్రటి నీడ నడుమ పడే వెలుగు చుక్కని ఫ్రెంచి గణితవేత్త పాసాన్ చూశాడన్నారు. పాసాన్ లెక్కగట్టింది, వెలుగు తరగలే అన్న ఫ్రెనెల్ సిద్ధాంతాన్ని పడగొట్టడానికి. చేసి చూసినవాడు అరగో.

తోటపాలెం మాస్టారు: ఒప్పుకుంటున్నాను, అక్కడ పేరు తప్పింది. ఈ పాదంలో "పోయె"ని మాత్రం అందరూ చావుగానే తీసుకున్నారు.

చావలేదు కాంతి చాలు మారెను సుమ్ము
నాలుగింతలయ్యె నడిమి చార
ఇచటి దచటి కేగె నిదియె లెక్కగ జూడ
వెలుగు వెలుగుఁ గలియ వెలుగు పోయె

అరసవల్లి: నాలుగింతలు దేనికి?

తోటపాలెం మాస్టారు: ఒక్క చీలిక వెలుగుకి. తరగ ఎత్తు రెండింతలు, కాంతి దాని వర్గం. నల్లచారలో సున్నా. సగటు రెండే, చిల్లిగవ్వంత వెలుగు కూడా పోలేదు.

బొబ్బిలి తంత్రి: దిద్దుకున్నాను:
దీపమొక్కటైన దిక్కులు రెండాయె
కలిసె నవియె తిరిగి కాగితమున

తోటపాలెం మాస్టారు: యతీ కుదిరింది, దీపమూ ఒకటైంది. మూడో పాదం అలాగే ఉంచండి.