డబ్బు వేసేటప్పుడు అడగని కేవైసీ, తీసుకునేటప్పుడు అడగడం న్యాయమేనా?

రేపల్లె_కుర్రాడు:
అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి. 2021లో ఒక క్రిప్టో ఎక్స్ఛేంజ్‌లో (బిట్‌కాయిన్ లాంటివి కొని అమ్ముకునే యాప్) అకౌంట్ తెరిచాను, అప్పుడు పాన్ ఫోటో ఒకటి, సెల్ఫీ ఒకటి, అంతే. జీతం వచ్చినప్పుడల్లా రెండు వేలో మూడు వేలో వేస్తూ వచ్చాను. మొన్న చెల్లి కాలేజీ ఫీజు కట్టాల్సొచ్చి బిట్‌కాయిన్ కొంత అమ్మి 62 వేలు బ్యాంకుకి పంపుదామంటే విత్‌డ్రా ఆగిపోయింది, కేవైసీ మళ్ళీ చెయ్యమంటున్నారు. సరే అని ఆధార్, పాన్, బ్యాంకు అకౌంట్ అన్నీ ఇచ్చాను, లైవ్ సెల్ఫీలో తల అటు తిప్పు ఇటు తిప్పు కళ్ళు ఆర్పు అంటే అదీ చేశాను. మూడు సార్లు రిజెక్ట్ అయింది. కారణం ఒకటే, పేరు సరిపోలలేదంట.

నాకు ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, పాన్‌లో ఇంటిపేరు చివరికెళ్ళింది, బ్యాంకులో పదో తరగతి మెమోలో ఉన్నట్టు పొడి అక్షరాలు, తర్వాత పేరు. మూడూ నేనే, ఫోటో ఒకటే, పుట్టినరోజు ఒకటే, మొబైల్ నంబర్ ఒకటే. ఆంధ్రాలో తెలంగాణలో ఎంతమందికి ఇలా లేదు చెప్పండి.

నేనెవరో చెప్పుకోడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ అదే అకౌంట్‌లో డిపాజిట్ మాత్రం ఇప్పటికీ పనిచేస్తోంది. నిన్న 100 రూపాయలు వేసి చూశాను, వెంటనే పడ్డాయి. డబ్బు తీసుకోడానికి అడ్డురాని పేరు, తిరిగిచ్చేటప్పుడే ఎందుకు అడ్డొస్తోంది? ఇది న్యాయమేనా అన్నదే నా ప్రశ్న.

ఓరుగల్లు_నోడ్:
తమ్మీ నీ బాధ సమజైంది. నేనైతే మొదటి నుంచి ఒకటే మాట చెప్తున్న, ఎక్స్ఛేంజ్‌ల పెట్టిన పైసలు నీవి కావు, వాడు ఇస్తేనే నీవి. బిట్‌కాయిన్ ఎందుకు పుట్టింది? 2008ల బిట్‌కాయిన్ గురించి వచ్చిన మొదటి పేపర్ల రాసిందే మధ్యల ఇంకో మనిషి లేకుండ ఒకరి నుంచి ఒకరికి పైసలు పోవాలె అని. ఇప్పుడు ఆ మధ్య మనిషే వచ్చి నీ ఆధార్ తే, నీ మొఖం చూపియ్యి అంటుండు. ఆధార్ సంగతి కూడ గుర్తు పెట్టుకోండ్రి, 2018 సెప్టెంబర్ 26 న సుప్రీంకోర్టు ప్రైవేట్ కంపెనీలు ఆధార్ అడిగే దారిని కొట్టేసింది. అయినా యాప్‌ల ఆధార్ లేకుంటే ముందుకు పోనిస్తలేరు.

పైసలు ఎట్లనో తీసుకో, తర్వాత కొన్నదంతా సొంత వాలెట్‌ల, అంటే తాళం నీ చేతిలనే ఉండే ఖాతాల పెట్టుకో. కేవైసీ లేకుండ పీటూపీల, అంటే ఎక్స్ఛేంజ్ లేకుండ మనిషికి మనిషి నేరుగ అమ్మేటోళ్ళు మస్తు మంది ఉన్నరు.

పాత_బ్యాంకోడు:
బ్యాంకులో 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను, నాకు తెలిసింది చెప్తాను బాబూ. ముందుగా ఒకటి, 2021లో తేలిగ్గా తెరిచిన అకౌంట్‌కి ఇప్పుడు మళ్ళీ ఎందుకు అడుగుతున్నారంటే మధ్యలో చట్టం మారింది. దొంగ డబ్బుని మంచి డబ్బుగా మార్చడాన్ని ఆపే మనీ లాండరింగ్ చట్టం 2005 జులై 1 నుంచి అమల్లో ఉంది, బ్యాంకులకి అప్పట్నుంచే ఈ బాధ్యత ఉంది. క్రిప్టో వాళ్ళని దాని కిందకి తెచ్చింది మాత్రం 2023 మార్చి 7 న ఇచ్చిన నోటిఫికేషన్. అప్పట్నుంచి ప్రతి ఎక్స్ఛేంజీ ఎఫ్‌ఐయూ (అనుమానపు లావాదేవీలు చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం) దగ్గర రిజిస్టర్ అవ్వాలి, కస్టమర్ ఎవరో తెలుసుకోవాలి, అనుమానం ఉన్న లావాదేవీ రిపోర్ట్ చెయ్యాలి, సంబంధం అయిపోయాక కూడా ఐదేళ్ళు రికార్డు దాచాలి. అది పట్టించుకోలేదనే 2023 డిసెంబర్ 28 న బినాన్స్, కూకాయిన్, క్రాకెన్ లాంటి 9 విదేశీ ఎక్స్ఛేంజీలకి నోటీసులిచ్చారు, 2024 జనవరిలో వాటి యాప్స్ మన దేశంలో కనబడకుండా పోయాయి. 2024 జూన్‌లో బినాన్స్‌కి 18.82 కోట్లు జరిమానా వేశారు. కాబట్టి కంపెనీ వాడికి వేరే దారి లేదు.

ఇక ఎందుకింత పట్టు అంటే, నేను బ్రాంచిలో ఉండగా ఒక పెద్దావిడ వచ్చింది, వీడియో కాల్‌లో పోలీసులమని బెదిరిస్తే భర్త పోయాక వచ్చిన డబ్బు మొత్తం పంపేసింది. ఆ డబ్బు గంట తిరక్కుండా నాలుగు అకౌంట్లు దాటింది, అందులో ఒకటి డిగ్రీ చదివే కుర్రాడిది, నెలకి మూడు వేలకి అకౌంట్ అద్దెకిచ్చాడు. అక్కణ్ణుంచి క్రిప్టో కొనేశారు. ఆవిడ నా ఎదురుగా కుర్చీలో కూర్చుని నీళ్ళు కూడా తాగలేకపోయింది. ఆ కొన్నవాడి మొహం, పేరు ఎక్కడో ఒకచోట రికార్డులో లేకపోతే పోలీసులు ఎవర్ని పట్టుకుంటారు చెప్పండి.

ఓరుగల్లు_నోడ్:
సార్ మీరు పెద్దలు, మీ మాట కాదంటలేను. కానీ మీరే చెప్పిన్రు కదా, ఆ పోరడు అకౌంట్ కిరాయికిచ్చిండు అని. ఆ పోరనికి కేవైసీ ఉన్నది కదా, మొఖం ఉన్నది, ఆధార్ ఉన్నది. అయినా పైసలు పోయినయ్. అసలు దొంగ వేరేటోని కేవైసీతోని పని నడుపుకుంటడు. ఇరుక్కునేది రేపల్లె తమ్ముడు లాంటోడే.

మానేరు_ఒడ్డు:
పీటూపీ మస్తు సులువు అన్నరు కదా, నా మాట వినుండ్రి. మా తమ్ముడు టెలిగ్రామ్ గ్రూపుల పరిచయమైనోనికి యూఎస్‌డీటీ (డాలర్ విలువతో నడిచే క్రిప్టో) అమ్మిండు, 40 వేలు. కొన్నోని పేరు ఒకటి, పైసలొచ్చిన అకౌంట్ పేరు ఇంకొకటి, వీడు చూసుకోలే. పన్నెండు రోజులకు వీని జీతం పడే అకౌంట్ మొత్తం ఫ్రీజ్. బ్యాంకుకు పోతే వేరే రాష్ట్రం సైబర్ క్రైమ్ పోలీసుల నుంచి లెటర్ వచ్చిందన్నరు, అక్కడ ఎవరో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చిన్రంట, ఆ పైసలే చేతులు మారి మారి మావోనికి వచ్చినయ్. 40 వేల కోసం అకౌంట్ల ఉన్న లక్షా పదివేలు ఆగినయ్. ఇంటి కిరాయి నేను కట్టిన నాలుగు నెలలు. ఆ పోలీస్ స్టేషన్‌కు మెయిల్ మీద మెయిల్, చాట్ స్క్రీన్‌షాట్లు, వాలెట్ అడ్రస్ అన్ని పంపితే ఆఖరికి వివాదం ఉన్నంత మటుకే ఆపి మిగిలింది వదిలిన్రు. కేవైసీ ఉన్న ఎక్స్ఛేంజ్‌ల అమ్మి ఉంటే కనీసం ఎవనికి అమ్మినమో కాగితం చేతిల ఉండేది. నేనైతే ఎవ్వరికి ఆ దారి చెప్ప.

డల్లాస్_నుంచి:
రెండు పక్షాలూ ఒక విషయం వదిలేస్తున్నాయి, ఇచ్చిన కాగితాలు తర్వాత ఎక్కడికి పోతున్నాయి అని. 2025 మే లో అమెరికా క్రిప్టో ఎక్స్ఛేంజ్ కాయిన్‌బేస్ స్వయంగా బయటపెట్టింది, విదేశాల్లో ఉన్న కస్టమర్ సపోర్ట్ కాంట్రాక్ట్ వాళ్ళకి లంచం ఇచ్చి డేటా లాగేశారు, 69,461 మంది వివరాలు. పేరు, ఇంటి అడ్రస్, ఫోన్, గవర్నమెంట్ ఐడీ ఫోటోలు, బ్యాలెన్స్ ఎంతుందో కూడా. 2 కోట్ల డాలర్లు ఇవ్వకపోతే బయటపెడతామని బెదిరించారు, కంపెనీ ఇవ్వనంది. ఇక్కడ ఎవరూ కోడ్ బద్దలుకొట్టలేదు, తలుపు లోపలున్న మనిషే తీశాడు.

పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. మొహం పోతే ఏం మార్చుకుంటాం? ఎవరి దగ్గర ఎంత క్రిప్టో ఉంది, వాళ్ళ ఇల్లెక్కడ, ఈ రెండూ ఒకే షీట్‌లో ఉండడం నాకు నిజంగా భయమేస్తుంది, ఇంట్లో చిన్న పిల్లలున్నారు నాకు. కేవైసీ వద్దనట్లేదు, చూసి నిర్ధారించుకున్నాక ఫోటోలు ఎందుకు అట్టే పెట్టుకోవాలి అంటున్నాను.

పాత_బ్యాంకోడు:
అది కంపెనీ ఇష్టం కాదు బాబూ, పైన చెప్పిన ఐదేళ్ళ రూల్ చట్టంలోదే.

డల్లాస్_నుంచి:
అయితే ఆ చట్టం గురించే మాట్లాడాలి సార్. దాచమని చెప్పినప్పుడు పోగొడితే ఏమవుతుందో కూడా అంతే గట్టిగా చెప్పాలి కదా. డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, రూల్స్ రావడానికి 2025 నవంబర్ దాకా పట్టింది. కాగితాలు ఇవ్వమనే చట్టానికి ఉన్న తొందర, కాపాడే చట్టానికి కనబడలేదు.

ఓరుగల్లు_నోడ్:
గది కరెక్ట్ మాట. ఇంకోటి, 2024 జులై 18 న మన దేశపు ఎక్స్ఛేంజ్ వజీర్‌ఎక్స్‌ల హ్యాకర్ల చేతికి 23 కోట్ల డాలర్ల దాక క్రిప్టో పోయింది. పూర్తి కేవైసీ ఉన్నోళ్ళు కూడ ఏడాది దాటే వరకు తమ క్రిప్టో తీసుకోలేకపోయిన్రు. మన కాగితాలు వాళ్ళ దగ్గర ఉన్నయ్, వాళ్ళ బాధ్యత మన దగ్గర కాగితం మీద లేదు.

బెజవాడ_ఆడిటర్:
నేను సీఏ ని, ప్రతి జులైలో ఇలాంటి కేసులు చూస్తాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా. మొదట పన్ను సంగతి. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం, పైన సెస్సు, నష్టం వస్తే దేంట్లోనూ సర్దుకోడానికి లేదు. 2022 జులై 1 నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్. ఈ టీడీఎస్ మీ పాన్ మీద పడితేనే 26ఏఎస్ (మీ పేరున కట్టిన పన్ను చూపించే పట్టీ) లో కనబడి తిరిగి క్లెయిమ్ చేసుకోగలరు, అసలు పాన్ ఇవ్వకపోతే అదే 20 శాతం కొయ్యాలి. తెలియనివాళ్ళతో పీటూపీ చేసేవాళ్ళు ఇది ఆలోచించరు, అక్కడ కొన్నవాడే టీడీఎస్ కట్టాలి, ఎవరూ కట్టరు, రేపు నోటీసు వస్తే నా దగ్గరికొచ్చి ఆ డబ్బు ఎక్కణ్ణుంచొచ్చిందో చూపించలేక ఏడుస్తారు. నా వరకు కేవైసీ అనేది మీ డబ్బు మీదేనని మీ చేతిలో ఉండే రుజువు.

ఇక తమ్ముడూ, నీ పేరు సంగతి. ఇది నీ తప్పు కాదు, నిజంగా కాదు. పాన్ ఫారంలో ఇంటిపేరు, మొదటి పేరు, మధ్య పేరు అని మూడు గళ్ళుంటాయి, పొడి అక్షరాలు ఒప్పుకోరు. ఆధార్‌లో ఒకే గడి, ఆ రోజు సెంటర్‌లో కూర్చున్నవాడు ఎలా కొడితే అలా. బ్యాంకులో స్కూలు మెమో ప్రకారం. మన పక్క ఇంటిపేరు ముందు వస్తుందని ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాడికి తెలియదు. పెన్నీ డ్రాప్ అని ఒక రూపాయి పంపి బ్యాంకు రికార్డులో పేరు తీసుకుంటారు, దాన్ని పాన్ పేరుతో మెషీన్ పోలుస్తుంది, పొడి అక్షరాలు చూడగానే కొట్టేస్తుంది. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్ళ కేసులు ఇంకా ఘోరం.

ఆధార్ జోలికి ముందు వెళ్ళకు, అందులో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు. అన్నిటికంటే తొందరగా అయ్యేది బ్యాంకు. బ్రాంచికెళ్ళి పాన్, ఆధార్ రెండూ చూపించి పాన్ లో ఉన్నట్టే పూర్తి పేరు పెట్టించుకో, మేనేజర్ సంతకం స్టాంపుతో మూడు పేర్లూ ఒకే ఖాతాదారువని లెటర్ కూడా అడుగు. తర్వాత యాప్‌లో మళ్ళీ మళ్ళీ అప్‌లోడ్ చెయ్యకు, మెయిల్‌లో మనిషి చూడాలని రాసి ఆ లెటర్ జత చెయ్యి. ఆధార్ ఫోటోకాపీ అడిగితే ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ సైట్‌లో దొరికే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వు, చివరి 4 అంకెలే కనబడతాయి. అందరూ బయోమెట్రిక్ (వేలిముద్ర, కనుపాప) కూడా లాక్ చేసుకోండి, ఉడాయ్ యాప్‌లో రెండు నిమిషాల పని.

రేపల్లె_కుర్రాడు:
అక్కా చాలా థాంక్స్, ఇంత వివరంగా ఇంతవరకు ఆ కంపెనీ వాళ్ళు కూడా చెప్పలేదు. రేపే బ్యాంకుకెళ్తాను. కానీ నా అసలు ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. డిపాజిట్ ఎందుకు తెరిచుంచారు?

పాత_బ్యాంకోడు:
నిన్నట్నుంచి అదే ఆలోచిస్తున్నాను. నిజం చెప్పాలంటే దానికి సమర్థన నాకు దొరకలేదు. బ్యాంకులో కేవైసీ గడువు దాటిందంటే ముందు కబురు పంపేవాళ్ళం, ఉత్తరం వేసేవాళ్ళం, ఫోన్ చేసేవాళ్ళం, ఆ తర్వాతే ఏదైనా ఆపేది. ఖాతాదారు ఎవరో తెలియదని నువ్వు అనుకుంటే అతని దగ్గర కొత్త డబ్బు పుచ్చుకోవడమే మొదటి తప్పు. దొంగ డబ్బు లోపలికొచ్చే దారి కూడా అదే కదా, చట్టం ఆపమన్నది దాన్నే. కేవైసీ ఉండాలి అన్న మాట మీద నేను మారను, కానీ వేసే తలుపూ తీసే తలుపూ ఒకేసారి మూయాలి. అలా మూసుంటే ఈ అబ్బాయికి ఎంతో ముందే, చిన్న మొత్తం ఉన్నప్పుడే తెలిసేది.

ఓరుగల్లు_నోడ్:
ఈ ఒక్క మాట మీద నేను మీ దిక్కే సార్.

రేపల్లె_కుర్రాడు:
అప్‌డేట్. ఆడిటర్ అక్క చెప్పినట్టే చేశాను. బ్యాంకులో పేరు మార్చడానికి రెండు రోజులు, మేనేజర్ గారు లెటర్ ఇవ్వడానికి ముందు ఇలాంటి ఫార్మాట్ మా దగ్గర లేదన్నారు, నేనే తెల్లకాగితం మీద రాసుకెళ్తే స్టాంపు వేశారు. మెయిల్ పెట్టాక తొమ్మిదో రోజు కేవైసీ ఓకే అయింది, పెన్నీ డ్రాప్ రూపాయి పడింది, 62 వేలు నిన్న సాయంత్రం వచ్చాయి. ఫీజు గడువు మాత్రం దాటిపోయింది, మావయ్య దగ్గర అప్పు తీసుకుని కట్టాం, ఆయనకి ఇవాళ తిరిగిచ్చేశాను.

డిపాజిట్ తెరిచుంచడం మీద వాళ్ళ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి వేరే మెయిల్ రాశాను, 100 రూపాయలు వేసిన స్క్రీన్‌షాట్ తేదీతో సహా జత చేశాను. జవాబు రాలేదు. వచ్చేవరకు వారానికోసారి రాస్తాను. మీలో ఎవరికైనా పాత అకౌంట్ ఉంటే డబ్బు అవసరం పడకముందే ఓసారి 500 విత్‌డ్రా చేసి చూసుకోండి.

మానేరు_ఒడ్డు:
ఇప్పుడే చూసిన తమ్మీ. నాది 2020 అకౌంట్. 500 కొట్టిన, ఆగింది. పేరు సరిపోలలేదట, మా నాయిన పేరు మధ్యల ఉన్నది పాన్‌ల. రేపు బ్యాంకుకు పోవుడే, ఆ తెల్లకాగితం మీద ఏం రాసినవో జర ఇక్కడ పెట్టు.