లారీ డ్రైవర్లకు కండోమ్ అలవాటు చేయించడం ఎలా?

బెజవాడ ఓనర్: మా బండ్లు కలకత్తా లైన్‌లో తిరుగుతాయి. సుఖరోగాల గురించి డ్రైవర్లకు భయపెట్టి చెప్పాను, బతిమాలి చెప్పాను, చెవికెక్కడం లేదు. మీ దగ్గర ఏది పనిచేసింది? అందరికీ హెచ్‌ఐవీ టెస్టు చేయించేయనా?

పాత డ్రైవర్: ముందు ప్యాకెట్లు డ్యాష్‌బోర్డు మీద పెట్టడం మాన్పించండి. ఆ వేడికి రబ్బరు పాడైపోతుంది. నేనైతే సీటు వెనక నీడలో పెడతాను, కాస్త కొబ్బరినూనె రాస్తాను. చిరగదు.

మందుల షాపు: కొబ్బరినూనా! ఏ నూనె అయినా, వ్యాజ్‌లైన్ అయినా రబ్బరును దెబ్బతీస్తుంది, అప్పుడే చిరిగేది. నీళ్ళతో చేసిన జారుడు జెల్లీ వాడాలి. ఇన్నేళ్ళుగా ఫార్మసిస్టుగా చెబుతున్నాను, ఇలాంటివి రాసి జనాన్ని చెడగొట్టకండి.

పాత డ్రైవర్: నాకింతవరకు ఏమీ కాలేదు. ఫ్యాను కింద కూర్చుని రోడ్డు సంగతులు మీరు చెబుతారా?

మందుల షాపు: కాలేదని ఎలా తెలుసు? సిఫిలిస్ పుండు నొప్పి పెట్టదు, దానంతటదే మానిపోతుంది, రోగం మాత్రం ఒంట్లోనే ఉంటుంది. రక్తపరీక్ష చేయించుకున్నారా?

గోదావరి అక్క: నూనె గొడవ ఆపండయ్యా. నేను ఈ వృత్తిలో ఉన్నదాన్నే. ఒకామె కండోమ్ లేకుండా రానంటే, వాడు పక్కామె దగ్గరికి పోతాడు. అందుకే మా పేటలో అందరం ఒక్క మాట మీదికొచ్చాం, బేరం దగ్గరే చెప్పేస్తాం. ఎక్కువిస్తానన్నా సరే, కుదరదంటే కుదరదు. ఇప్పుడు వాళ్ళే ప్యాకెట్ తెచ్చుకుంటున్నారు.

సంప్రదాయం: ఆడవాళ్ళు కూడా చదువుతారు ఇక్కడ. కట్టుబాటుగా బతికితే ఈ రోగాలెందుకొస్తాయి?

గుంటూరు గృహిణి: నేను కట్టుబాటుగానే ఉన్నానండి. అయినా గనేరియా వచ్చింది. ఆయన ఎక్కడో రహస్యంగా మందులు వాడి తగ్గించుకున్నారు, ఆ డాక్టరు భార్యను తీసుకురమ్మని ఒక్క మాట చెప్పలేదు. నా నుంచి ఆయనకు మళ్ళీ అంటుకుంది. ఇద్దరికీ ఒకేసారి వైద్యం చేయాలని ముందే చెబితే ఏం పోయేది?

మందుల షాపు: సర్కారు ఆసుపత్రిలో సుఖరోగాలు చూసే సురక్ష క్లినిక్‌లో భార్యాభర్తలిద్దరికీ ఉచితంగానే చూస్తారమ్మా. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేసినా చెబుతారు.

పాత డ్రైవర్: ఆ జెల్లీ హైవే మీద ఏ షాపులో దొరుకుతుందో కూడా చెప్పండి మరి.

కాకినాడ వకీలు: ఓనర్ గారూ, టెస్టు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. బలవంతంగా చేయించకండి. 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మనిషి ఒప్పుకోకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదు, ఉద్యోగానికి దాన్ని షరతుగా పెట్టకూడదు. క్లినిక్ అడ్రసు ఇవ్వండి, వెళ్ళడానికి ఒక పూట సెలవివ్వండి, రిపోర్టు మాత్రం అడగకండి.