అప్‌డేట్: నాన్న స్కాన్‌లో కనిపించింది రక్తం కాదట

గుండె ఆగి, సీపీఆర్‌తో మళ్లీ కొట్టుకున్నాక తీసిన సీటీలో నాన్న మెదడు మడతల మధ్య తెల్లగా ఉందని, రక్తస్రావం కావచ్చన్నారని పోయినసారి రాశాను. అది నిజమేనా అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

న్యూరో రేడియాలజిస్ట్ మళ్లీ చూశారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ తెల్లటి చోట కర్సర్ పెట్టారు. 36 అని పడింది. ఇంకోచోట 38. ఇవి హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లట, అంటే స్కాన్‌లో సాంద్రత లెక్క. కొత్తగా కారిన రక్తమైతే సాధారణంగా 50 పైనే ఉంటుందన్నారు. ఆక్సిజన్ అందక మెదడు వాచి, నీరు పట్టి, స్కాన్‌లో నల్లగా పడింది. ఒత్తిడికి సిరల్లో రక్తం నిలిచిపోయింది. నల్ల పలక మీద సుద్దగీతలా ఆ సిరలు తెల్లగా తేలాయి, అంతే. దీన్ని సూడో సబ్‌అరాక్నాయిడ్ హెమరేజ్ అంటారట, అంటే మెదడు చుట్టూ రక్తస్రావంలా కనిపించేదే కానీ అది కాదు. పేరు రాసుకోవడానికే రెండుసార్లు అడిగాను. ఎమ్మారైలో కూడా రక్తం కనపడలేదు.

రక్తస్రావం అనుమానంతో ఆపిన గుండె మందులు మళ్లీ మొదలుపెట్టారు. రక్తం ఉందేమో చూడ్డానికి నడుము దగ్గర వెన్ను నుంచి నీరు తీసే పరీక్ష మాత్రం, ఇంత వాపులో ప్రమాదమని వద్దన్నారు.

రక్తం కాదనగానే నేను ఊపిరి పీల్చుకున్నాను. తొందరపడ్డాను. ఆ గుర్తు కనిపించిందంటేనే వాపు బాగా ఎక్కువని అర్థమట. నాన్న ఇంకా కళ్లు తెరవలేదు. మత్తు మందు ఆపేశారు, రేపు ఈఈజీ (మెదడులోని విద్యుత్ సంకేతాలు చూసే పరీక్ష) తీస్తారు.