ఉదయగిరి మెట్టలో నిమ్మగడ్డి వేయొచ్చా?

ప్రశ్న:
ఉదయగిరి దగ్గర ఎర్ర గరప నేల, 2 ఎకరాలు. బోరులో ఇంచిన్నర నీళ్ళు, ఎండాకాలం ఇంచికి దిగుతాయి. డ్రిప్ ఉంది. నూనె కోసం నిమ్మగడ్డి వేయాలని ఉంది. చుట్టుపక్కల ఎవరూ వేయలేదు. పిలకలు ఎన్ని పడతాయి, ఎప్పుడు నాటాలి, ఎక్కడ దెబ్బతింటామో చెప్పండన్నా.

జవాబు 1:
ముందు నూనె తీసే యూనిట్ ఎంత దూరమో చూసుకో తమ్ముడూ. టన్ను పచ్చిగడ్డికి 5 నుంచి 7 కిలోల నూనె వస్తుంది, అంతే. ఆ కాస్త నూనె కోసం టన్ను బరువు దూరం మోస్తే బాడుగకే సరిపోద్ది. కోసిన గడ్డిని ఒక పూట నీడన పలచగా పరిచి వాడనిస్తే బరువు తగ్గుద్ది, నూనె తీసే డ్రమ్ములో ఎక్కువ పడుద్ది. కుప్పేస్తే మాత్రం లోపల వేడెక్కి మగ్గుద్ది, నూనె పోద్ది. యూనిట్ దగ్గర్లో లేకపోతే ఈ పంట జోలికి పోవద్దు.

జవాబు 2:
విత్తనం కాదు, పిలకలే నాటాలి. విత్తనపు మొక్కలు ఒకదానికొకటి పోలవు, నూనె శాతం కూడా మారిపోద్ది. సీమ్యాప్ (ఔషధ, సుగంధ మొక్కల కేంద్ర పరిశోధన సంస్థ) వాళ్ళ కృష్ణ రకం దుబ్బులు తెచ్చుకోండి. వరుసల మధ్య 2 అడుగులు, మొక్కకీ మొక్కకీ అడుగున్నర పెడితే ఎకరాకు 14,500 పిలకలు. చచ్చినచోట నాటడానికి 10 శాతం అదనంగా ఉంచుకోండి. దుబ్బు విడదీశాక ఎండిన తొడుగులు ఒలిచి, ఆకు జానెడు ఉంచి కోసి, ముసలి వేర్లు కత్తిరించాలి. బోదె మీద 2, 3 అంగుళాల లోతు చాలు. అంతకన్నా దించితే వానలకు మొదలు కుళ్ళుద్ది.

చలిదేశాల్లో ఈ గడ్డిని చంపేది మంచు. మన దగ్గర చంపేది నిలవనీళ్ళు. ఉత్తర కార్తెలో నాటితే స్వాతి వానల నాటికి వేరు పట్టుద్ది. తుపాను నీళ్ళు పోయే కాలవ ముందే తీసి పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు:
చేలో ఒక పక్క సున్నపురాళ్ళు తేలతాయన్నా. అక్కడ పనికొస్తుందా?

జవాబు 2:
వస్తుంది గానీ లేత ఆకు తెల్లబడి ఈనెలు మాత్రమే పచ్చగా మిగులుతాయి. అది ఇనుపధాతు లోపం. యూరియా ఎంత వేసినా తిరగదు. లీటరు నీళ్ళకు అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము కలిపి వారానికోసారి, మూడుసార్లు పిచికారీ చేయండి. ద్రావణం అప్పటికప్పుడు కలుపుకోవాలి, నిలవుంటే తుప్పురంగు తిరిగి పనిచేయదు.

జవాబు 3:
మొదటి కోత నాలుగైదు నెలలకు, తర్వాత రెండున్నర, మూడు నెలలకోసారి. నేలకు 4 నుంచి 6 అంగుళాల ఎత్తున కోయండి. కూలీలు తొందరలో మొదలంటా కోస్తే దుబ్బు చస్తుంది, దగ్గరుండి చూసుకోండి. నూనెలో నీటిచుక్క లేకుండా తేర్చి, అల్యూమినియం డబ్బాలో మూతదాకా నింపి చీకట్లో పెట్టండి. ఇనుప డబ్బాలో పోస్తే రంగు మారుద్ది, కొనేవాడు రేటు కోస్తాడు.