యూదుల ఇంటి నాటకం: పాట, పలుకు, శుక్రవారం దీపాల సీను – సలహా కావాలి

గౌతమీతీరం:
రాజమండ్రిలో యూనివర్సిటీ విద్యార్థులతో నాటకం వేస్తున్నాం. కథ 1905 నాటి ఉక్రెయిన్ పల్లెలో ఒక యూదు కుటుంబానిది. సంభాషణలు తెలుగులోనే, మధ్యమధ్య యిద్దిష్ (తూర్పు యూరప్ యూదుల ఇంటి భాష) మాటలు. శుక్రవారం రాత్రి భోజనం, ఒక పెళ్లి పెద్ద సీన్లు. వయొలిన్, బ్యాండుమేళం నుంచి ఒక క్లారినెట్, హార్మోనియం, డోలక్ ఉన్నాయి. బాణీలు మాయామాళవగౌళ రాగంలో కట్టాం. దగ్గరగానే ఉంది గానీ ఎక్కడో తేడా కొడుతోంది. పలుకు, ప్రార్థన సంగతి కూడా చెప్పండి.

తకిటతక:
తేడా నిషాదంలో ఉందండి. క్లెజ్మర్‌లో, అంటే తూర్పు యూరప్ యూదుల పెళ్లి వాద్య సంగీతంలో, బాగా వినిపించే ఫ్రేయ్‌గిష్ అనే స్వరాల వరస మన 14వ మేళకర్త రాగం వకుళాభరణం. మీరు పట్టుకున్నది 15వది. కాకలి (పై) నిషాదం తీసేసి కైశికి (కింది) నిషాదం పెట్టండి. సరళీవరసలు మాయామాళవగౌళలోనే నేర్చుకుంటారు కాబట్టి పిల్లల వేళ్లు అలవాటుగా కాకలికే పోతాయి, వారం పాటు విడిగా సాధన చేయించాలి. దుఃఖం పలికే చోట 58వ మేళకర్త హేమవతి స్వరాలు వాడండి.

గమకం వద్దు. స్వరాన్ని నిటారుగా నిలబెట్టి చివర వెక్కినట్టు తెంచాలి. దాన్నే క్రెఖ్త్స్ అంటారు. క్లారినెట్ మీద చక్కగా పలుకుతుంది. పెళ్లి డాన్సుకి బుల్గార్ అనే నాట్యపు నడక, ఎనిమిది అక్షరాలు 3+3+2: తకిట తకిట తక. డోలక్ ఆదితాళం వైపు జారి 4+2+2 వేస్తే ఆ ఊపు చచ్చిపోతుంది.

లంకగ్రామం:
ఇంగ్లీషు స్పెల్లింగు చూసి పలకొద్దు. శుక్రవారం భోజనంలో పెట్టే జడలల్లిన బ్రెడ్డుని 'చల్లా' అంటే ప్రేక్షకులకి ఇంటిపేరు వినపడుతుంది. యిద్దిష్‌లో అది 'ఖలె', ఉర్దూవాళ్లు 'ఖాన్' అన్నప్పుడు గొంతులో రాసుకునే ఖ. శుక్రవారం సాయంత్రం మొదలయ్యే విశ్రాంతి దినాన్ని, 1905 కాబట్టి, 'షబ్బాత్' కాదు, 'షాబెస్' అనాలి. ఒత్తు మొదటి అక్షరం మీద. పలకరింపు 'గుట్ షాబెస్', ఉక్రెయిన్ వైపు మాటలో 'గిట్ షాబెస్'. చివర ఉకారం చేర్చి 'షాబెసు' అనేస్తారు, గమనించండి.

తెలుగు సంభాషణల విషయంలో నా మాట: ఇంట్లోవాళ్లకి మన గోదావరి మాటే పెట్టండి, 'ఆయ్', 'అండి' అన్నీ. జారు (రష్యా చక్రవర్తి) అధికారికి గ్రాంథికం. ఇంటి భాష యిద్దిష్, సర్కారు భాష రష్యన్ అన్న దూరం అలా తెలుస్తుంది. యాసని నవ్వులకి మాత్రం వాడొద్దు.

దీపంవత్తి:
అన్నిటికన్నా ముందు స్క్రిప్టులో 'యెహోవా' ఎక్కడుందో వెతికి తీసేయండి. మన తెలుగు బైబిల్లో ఆ పేరు నిండా ఉంటుంది కనుక రాసేవాళ్లకి అదే వస్తుంది. యూదులు ఆ నామం ఉచ్చరించరు. ప్రార్థనలో 'అదొనాయ్', మామూలు మాటల్లో 'హషేమ్'. తెలుగు వాక్యాల్లో 'దేవుడు' చాలు. రిహార్సల్స్‌లో ప్రార్థన చోట కూడా 'హషేమ్' అనే అలవాటు చేయండి.

రెండోది, చర్చి అలవాట్లు రానీయకండి. మోకరిల్లడం, చేతులు జోడించడం, చెప్పులు విప్పడం ఉండవు. మగవాళ్ల తల కప్పి ఉంటుంది, కాళ్లకి బూట్లు ఉంటాయి.

దీపాలు సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు, ఇల్లాలు, కనీసం రెండు. ముందు వెలిగించి, తర్వాత కళ్లు మూసుకుని ఆశీర్వచనం. చదివితే షాబెస్ మొదలైనట్టే, ఆపైన నిప్పు ముట్టించకూడదు. అందుకే ఈ వరస. ఆ తర్వాత ఆ ఇంట్లో వయొలిన్ కూడా మోగకూడదు, పాట గొంతుతోనే. బల్ల మీద రెండు రొట్టెలు గుడ్డ కప్పి ఉంచాలి, ద్రాక్షరసం మీద ఆశీర్వచనం అయ్యాకే తీయాలి.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదు సమాజం బెనె ఎఫ్రాయిం వాళ్ల సినగాగ్ (ప్రార్థనా మందిరం) ఉంది. స్క్రిప్టు వాళ్లకి చూపించడం మర్యాద. తూర్పు యూరప్ పద్ధతులకి మాత్రం వాళ్లని ప్రమాణం చేయకండి, వాళ్ల దారి వేరు.

గౌతమీతీరం:
భోజనం సీనులో కోడికూర, చివర పెరుగు పెట్టాం. ఫర్వాలేదా?

దీపంవత్తి:
పెరుగు తీసేయండి. మాంసం ఉన్న బల్ల మీద పాలు, పెరుగు, వెన్న ఏవీ ఉండవు. రొట్టె పిండిలో కూడా నూనే వాడాలి. పెళ్లిలో వరుడు తొక్కే గ్లాసు పల్చటిది తీసుకుని మందపాటి గుడ్డలో రెండు చుట్లు చుట్టండి. కుడికాలితో, గట్టి అడుగున్న బూటుతో తొక్కాలి. ప్రతి ప్రదర్శనకీ రెండు అదనంగా పెట్టుకోండి, మొదటి తొక్కుకి పగలకపోతే సీను ఆగిపోతుంది.