రాగి గ్రాఫూ సరళరేఖే, మరి స్ట్రేంజ్ మెటల్‌లో వింతేముంది?

ప్రశ్న:
ఎమ్మెస్సీ ఫైనలియర్. వచ్చే వారం స్ట్రేంజ్ మెటల్స్ మీద సెమినార్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. ఎక్కడ చదివినా "ఉష్ణోగ్రతతో పాటు రెసిస్టివిటీ (విద్యుత్ నిరోధకత) సరళరేఖలో పెరుగుతుంది, అదే వింత" అంటున్నారు. గది ఉష్ణోగ్రత దగ్గర రాగి తీగ చేసేదీ అదేగా? ల్యాబ్‌లో నేనే కొలిచాను, స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది.

జవాబు 1:
ఆ గ్రాఫును కిందికి పొడిగించండి. రాగిలో ఆ గీత ఫోనాన్ల (స్ఫటికంలో పరమాణువుల కంపనాల) పుణ్యం. రాగి డీబై ఉష్ణోగ్రత (ఆ కంపనాలన్నీ మేల్కొనే స్థాయి) సుమారు 340 కెల్విన్, దానికి బాగా దిగువకు వెళ్తే ఫోనాన్లు అణగిపోయి గీత వంగుతుంది, చివరికి మలినాల వల్ల మిగిలే నిరోధం దగ్గర బల్లపరుపుగా ఆగిపోతుంది. ఇప్పుడు బిస్మత్ క్యూప్రేట్ (రాగి, ఆక్సిజన్ పొరలున్న స్ట్రేంజ్ మెటల్) చూడండి, సూపర్‌కండక్టివిటీ (నిరోధం సున్నా అయ్యే స్థితి) బాగా తక్కువ ఉష్ణోగ్రతలో మొదలయ్యే రకం: 1990లో కొలిస్తే ఇంచుమించు 10 నుంచి 700 కెల్విన్ దాకా ఒకటే గీత. 10 కెల్విన్‌లో అన్ని ఫోనాన్లు ఎక్కడివండీ? పోనీ ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి ఢీకొంటున్నాయనుకుంటే ఉష్ణోగ్రత వర్గంతో పెరగాలి, అదీ కాదు.

జవాబు 2:
పైవారు క్వాంటమ్ క్రిటికల్ పాయింట్ (సున్నా కెల్విన్ వద్ద పదార్థం ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారే బిందువు) సంగతి వదిలేశారు. బేరియం ఐరన్ ఆర్సెనైడ్‌లో ఆర్సెనిక్ బదులు ఫాస్ఫరస్ కలుపుతూ పోతే యాంటీఫెర్రో అయస్కాంతత్వం (పక్కపక్క పరమాణు అయస్కాంతాలు ఎదురెదురు దిశల్లో ఉండే క్రమం) మొదలయ్యే ఉష్ణోగ్రత తగ్గుతూ వస్తుంది, సుమారు 30 శాతం దగ్గర అది సున్నా కెల్విన్‌కు చేరే ఆ క్రిటికల్ పాయింట్ దగ్గరే గీత తిన్నగా వస్తుంది, సూపర్‌కండక్టివిటీ కూడా అక్కడే గరిష్ఠం, దాదాపు 30 కెల్విన్. ఇంకా ఫాస్ఫరస్ ఎక్కువైతే మళ్లీ మామూలు వర్గ నియమం వైపే. అయస్కాంత క్రమం ఉండాలా పోవాలా తేల్చుకోలేని ఆ ఊగిసలాటే ఎలక్ట్రాన్లను చెదరగొడుతోందని ఎక్కువమంది నమ్మకం. ప్లాంకియన్ కాలం గురించీ చెప్పండి, హెచ్‌బార్‌ను (ప్లాంక్ స్థిరాంకం బై 2π) కేటీతో (బోల్ట్జ్‌మన్ స్థిరాంకం ఇంటూ ఉష్ణోగ్రత) భాగిస్తే 300 కెల్విన్ వద్ద 25 ఫెమ్టోసెకన్లు, చాలా స్ట్రేంజ్ మెటల్స్‌లో ఢీకొనే వ్యవధి ఆ చుట్టుపక్కలే వస్తుంది.

జవాబు 3:
ఆ ప్లాంకియన్ కాలంతో జాగ్రత్త. 2013లో రకరకాల లోహాలకు ఇదే లెక్క కడితే రాగికీ ఇంచుమించు అదే అంకె వచ్చింది, అదీ మామూలు ఫోనాన్లతో! కాబట్టి అంకె కలిసినంత మాత్రాన మూలం ఒకటే అనుకోకండి. పైగా లాంథనమ్ స్ట్రాన్షియం క్యూప్రేట్‌లో బలమైన అయస్కాంత క్షేత్రంతో సూపర్‌కండక్టివిటీని చంపి చూస్తే, సరళరేఖ భాగం ఒక్క డోపింగ్ (కలిపిన వేరే మూలకం పాళ్లు) దగ్గరే కాక చాలా మేర కనిపించింది. ఒక్క క్రిటికల్ పాయింట్‌తో కథంతా చెప్పేయడం నాకైతే నచ్చదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్. అయితే మొదటి స్లైడ్ రాగిదే, నా గ్రాఫే పెడతా, దాని పక్కన బిస్మత్‌ది.